మైకులు నిజంగా మెరుగయ్యాయా? జముకు, తప్పెటగుళ్ళు, వీణ రికార్డింగుకి ఏం కొనాలి?

మాస్టారూ, మీరు అడిగినదాన్ని ముందు ఒకచోట పెట్టుకుందాం. బొబ్బిలి దగ్గర మీ ఊళ్ళో జముకుల కథ (జముకు అనే తోలు వాద్యం మోగిస్తూ చెప్పే కథ), తప్పెటగుళ్ళు, వీణ కచేరీ రికార్డు చేసి దాచాలి. 1990ల్లో చేసిన క్యాసెట్టు నిండా సుయ్‌మనే చప్పుడు. నిరుడు ఫోన్లో చేస్తే తప్పెట మోగినప్పుడల్లా పాట నొక్కుకుపోయింది. ఇప్పుడొచ్చే మైకులు నిజంగా మెరుగయ్యాయా, మైకుసెట్టులోని పాత డైనమిక్ మైకు (అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసేది) పనికొస్తుందా, కాలరుకి పెట్టుకునే వైర్‌లెస్ మైకు ఒక్కటి కొంటే సరిపోతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

శబ్దాన్ని కరెంటుగా మార్చే క్యాప్సూలు దాదాపు అరవై ఏళ్ళుగా పెద్దగా మారలేదు. షూర్ కంపెనీ డైనమిక్ మైకు ఎస్ఎం58 1966లో వచ్చింది, నాయ్‌మన్ కంపెనీ కండెన్సర్ మైకు యూ87 1967లో వచ్చింది. రెండూ ఇవాళ్టికీ తయారవుతున్నాయి, జనం కొంటున్నారు. కండెన్సర్ సూత్రం (ఛార్జి పెట్టిన పల్చటి పొర కదలికతో శబ్దాన్ని పట్టడం) అయితే ఇంకా పాతది, మొదటి ప్రపంచయుద్ధం నాటిది. అందుకని "కొత్త టెక్నాలజీ మైకండీ" అని అమ్మేవాడు అంటే అందులో సగం పక్కన పెట్టేయండి. మారినవల్లా మైకు లోపలి సర్క్యూటు, మైకు తర్వాత వచ్చే ప్రీఆంపు (మైకు సిగ్నల్ని పెంచేది), రికార్డరు, ధర. మీ క్యాసెట్టు సుయ్‌కీ ఫోను నొక్కుడుకీ కారణాలు అక్కడే దొరుకుతాయి.

చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ప్రతి కండెన్సర్ మైకూ తనంతట తాను కొద్దిగా సుయ్‌మంటుంది. దీన్ని సెల్ఫ్ నాయిస్ అంటారు, స్పెసిఫికేషన్ కాగితం మీద డెసిబెల్లలో రాసి ఉంటుంది. ఎంత తక్కువైతే అంత మంచిది. 1960ల్లో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. 1983లో నాయ్‌మన్ టీఎల్ఎం 170 వచ్చినప్పుడు మైకు లోపలి ట్రాన్స్‌ఫార్మరు కూడా పోయింది. 1997లో వచ్చిన టీఎల్ఎం 103 సెల్ఫ్ నాయిస్ 7 డీబీ. ఆస్ట్రేలియా కంపెనీ రోడ్ తెచ్చిన ఎన్‌టీ1-ఏ 5 డీబీ దగ్గర నిలిచింది. లక్షల్లో ఉండే యూ87 ఇప్పటి మోడలుకి ఇదే లెక్క 12 డీబీ. ఖరీదైనదానికన్నా చవకది నిశ్శబ్దంగా ఉంది! అంతమాత్రాన యూ87 కన్నా అది గొప్ప మైకు అయిపోదు. గొంతు రంగు, పక్కనుంచి వచ్చే శబ్దాన్ని మైకు ఎలా పట్టుకుంటుంది అనేవి వేరే లెక్కలు. కానీ సుయ్ ఒక్కటే మీ బాధ అయితే దానికి ఇవాళ లక్షలు అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. రాత్రి పదకొండింటికి పల్లెటూరి ఇంట్లో తలుపులేసి కూర్చున్నా గదిలో 30 డీబీ దాకా చప్పుడు ఉంటుంది. సీలింగ్ ఫ్యాను తిరిగితే 45, 50. అలాంటి గదిలో 5 డీబీ మైకు పెట్టినా 15 డీబీ మైకు పెట్టినా వినేవాడికి తేడా తెలీదు. వెనకటికి మైకూ టేపూ చేసే సుయ్ కింద గది చప్పుడు దాగిపోయేది. ఇప్పుడు ఆ ముసుగు తొలిగింది, ఫ్యాను, ఫ్రిజ్జు, వీధిలో ఆటో అన్నీ బయటపడుతున్నాయి. కొత్త మైకు కొన్నవాళ్ళు "పాతదే నయం, ఇది ఊరంతా వింటోంది" అనడానికి కారణం ఇదే.

మీ క్యాసెట్టు సంగతి. మామూలు క్యాసెట్టులో గట్టి శబ్దానికీ టేపు సొంత సుయ్‌కీ మధ్య ఉండే ఎడం 50, 55 డీబీ. ఆ సుయ్‌లో ఎక్కువ పాలు టేపుదే, మైకుది కాదు. ఈ రోజు సాధారణ 24 బిట్ రికార్డరు ఆ ఎడాన్ని 100 డీబీ దాటిస్తుంది. అదే మైకుతో అదే జముకు కథని ఇవాళ రికార్డు చేసినా ఎంతో శుభ్రంగా వస్తుంది.

మైకుసెట్టు డైనమిక్ మైకుని పారేయొద్దు. డైనమిక్ మైకుల్లో చెప్పుకోదగ్గ మార్పు 1980ల్లో నియోడిమియం అయస్కాంతాలు రావడం, దాంతో కొన్నిటికి అవుట్‌పుట్ పెరిగింది. మిగతాదంతా దాదాపు పాత పద్ధతే. అయినా అదే మైకు ఇవాళ మెరుగ్గా పలుకుతుంది. ఎలాగో లెక్క చూడండి. ఎస్ఎం58 లాంటి మైకు 94 డీబీ శబ్దానికి 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. చాలా తక్కువ. దాన్ని పెంచే ప్రీఆంపు సొంత రొద ఎక్కువైతే అదే రికార్డులో వినిపిస్తుంది. ప్రీఆంపు కాగితం మీద ఈఐఎన్ అని ఆ సొంత రొదని చెప్పే అంకె ఉంటుంది, మైనస్ ఎంత పెద్దదైతే అంత మంచిది. అది మైనస్ 115 డీబీయూ ఉన్న నాసిరకం మిక్సరుకి ఈ మైకు తగిలిస్తే వచ్చే సుయ్, 31 డీబీ శబ్దంతో సమానం. మైనస్ 128 ఉన్న, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇప్పటి ఇంటర్‌ఫేసుకో రికార్డరుకో తగిలిస్తే 18 డీబీతో సమానం. మైకు మార్చకుండానే 13 డీబీ లాభం. అందుకే ముందు మంచి రికార్డరు కొనమంటాను, మైకు తర్వాత.

పాత మైకు తీసుకునేముందు మూడు చూడండి. జాలీ విప్పి లోపలి స్పాంజి నలిపితే పొడిగా రాలిపోతోందా? రాలితే ఆ పొడి డయాఫ్రం (శబ్దానికి కదిలే పల్చటి పొర) మీద పడుతుంది, స్పాంజి మార్చాలి. స్విచ్ నొక్కినప్పుడు చిటపటలాడుతోందా? లాడితే దాన్ని తీసేసి నేరుగా వైరు సోల్డరింగ్ చేయించండి, రికార్డింగుకి స్విచ్ అవసరమే లేదు. మూడోది కేబులు. మైకుసెట్టు వాళ్ళ దగ్గర ఉండేవి చాలావరకు ఒకవైపు ఎక్స్‌ఎల్‌ఆర్, రెండోవైపు పీ-38 మోనో జాక్ (పావు అంగుళం పిన్ను). అది డైనమిక్ మైకుకి పని చేస్తుంది గాని బ్యాలెన్స్ (బయటి రొదని రద్దుచేసే ఏర్పాటు) పోతుంది. కేబులు పక్కనుంచి సీరియల్ సెట్ల వైరు పోతే బొయ్‌మని హమ్ వస్తుంది. అదే కేబులుతో కండెన్సర్ మైకు తగిలిస్తే 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సరు పనిచేయడానికి కేబుల్లోంచే వెళ్ళే కరెంటు) వెళ్ళదు, మైకు చచ్చినట్టే ఉంటుంది. రెండువైపులా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబులే తీసుకోండి.

తప్పెటగుళ్ళు మీరు చెప్పినవాటిలో కష్టమైనవి. రేకు గుళ్ళు రొమ్ము మీద వేలాడేసుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళకి గజ్జెలతో గెంతుతూ, అదే మనిషి పాడతాడు. గుళ్ళకీ నోటికీ మధ్య దూరం మూర కూడా ఉండదు. దెబ్బ పడిన క్షణంలో శబ్దం ఒక్కసారిగా ఎగసి వెంటనే పడిపోతుంది. ఆ దెబ్బకి రికార్డరు లెవెల్ దాటితే సౌండు పగిలిపోతుంది, పగిలినదాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. గెయిన్ (సిగ్నల్ని పెంచే మోతాదు) తగ్గించుకుంటే పాట అడుగున పడుతుంది.

ఈ ఇబ్బందికి గత కొన్నేళ్ళలో నిజంగా పనికొచ్చేది ఒకటి వచ్చింది, 32 బిట్ ఫ్లోట్ రికార్డింగు. లోపల ఒకే శబ్దాన్ని రెండు కన్వర్టర్లు తీసుకుంటాయి, ఒకటి చిన్న శబ్దాలకి, ఇంకోటి పెద్ద శబ్దాలకి. రెండింటినీ కుట్టి ఒకే ఫైలు చేస్తుంది. 2019లో జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ రెండో తరం రికార్డర్లతో ఇది ఫీల్డు రికార్డింగులోకి వచ్చింది. 2024కల్లా జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి చిన్నవాటిలోకీ దిగింది. గెయిన్ పెట్టే పనే లేదు. తప్పెట దెబ్బ ఎక్కువైనా ఇంటికొచ్చాక కంప్యూటర్లో కిందికి లాగితే ఆకారం చెదరకుండా ఉంటుంది.

కానీ జనం మర్చిపోయేది ఒకటుంది. 32 బిట్ ఫ్లోట్ కాపాడేది రికార్డరుని, మైకుని కాదు. క్యాప్సూలూ దాని వెనక చిన్న సర్క్యూటూ ముందే పగిలితే రికార్డరు పగిలిన శబ్దాన్నే అందంగా దాస్తుంది. కాగితం మీద "గరిష్ఠ ఎస్‌పీఎల్" చూడండి. మైకు పగలకుండా తట్టుకునే శబ్దం అది, 130 డీబీ పైన ఉన్నది తప్పెటకి తీసుకోవచ్చు. ఎన్‌టీ1-ఏకి అది 137. డైనమిక్ మైకుకి ఈ భయమే లేదు, గుళ్ళు దాన్ని పగలగొట్టలేవు.

పెట్టే పద్ధతి ఇదీ. రెండు ఒకే రకం కార్డియాయిడ్ (ముందునుంచి వచ్చేదే బాగా వినే) కండెన్సర్లు, క్యాప్సూళ్ళ మధ్య 17 సెంటీమీటర్లు, మధ్య కోణం 110 డిగ్రీలు. దీన్ని ఓఆర్‌టీఎఫ్ అంటారు. స్టాండు ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు లేపి, దళానికి పది పన్నెండు అడుగుల దూరంలో, కొంచెం కిందికి వంచండి. ఎత్తు ఎందుకంటే ముందు వరసవాడి గుళ్ళు వెనక వరసవాడి గొంతుని కప్పకుండా. పాట ఎత్తుకునే ఒక్కడికి మాత్రం విడిగా డైనమిక్ మైకు, నోటికి బెత్తెడు దూరంలో, జాలీ ముఖం వైపు, వీపు గుళ్ళ వైపు. కార్డియాయిడ్ మైకు వెనకవైపు చెవిటిది, ఆ చెవిటితనాన్నే గుళ్ళ మీదికి తిప్పుకోవాలి. తర్వాత స్టీరియోలో ఈ మైకుని కొంచెమే కలపండి.

ఫోన్లో పాట ఎందుకు నొక్కుకుపోయింది? ఫోను మైకు తప్పు తక్కువ. 2000ల మొదట్లో సిలికాన్ మీద చెక్కిన మెమ్స్ మైకులు ఫోన్లలోకి వచ్చాయి. అప్పటివి 34 డీబీ దాకా సుయ్‌మనేవి, ఇప్పటి మంచివి 24 దాకా దిగాయి, పగలకుండా తట్టుకునే శబ్దం కూడా 120 నుంచి 130 దాకా పెరిగింది. అసలు దొంగ సాఫ్ట్‌వేరు. ఫోను తనకు తానే గెయిన్ తగ్గించి పెంచుతుంది, మాట కానిదాన్నల్లా రొదగా లెక్కేసి నొక్కేస్తుంది. దానికి తప్పెటా రొదే, జముకూ రొదే. ఆండ్రాయిడ్ 7 నుంచి ఏ శుద్ధీ చేయని శబ్దం అందుకునే వీలు పెట్టారు, అన్ని ఫోన్లూ ఇవ్వవు. రికార్డింగు యాప్ సెట్టింగులలో ఆడియో సోర్స్ అని ఉంటే "అన్‌ప్రాసెస్డ్" ఎంచి, వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఆ ఫైలు ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ మెసేజుగా పంపితే కుదించేస్తుంది.

కాలరు వైర్‌లెస్ విషయం. 2019లో రోడ్ వైర్‌లెస్ గో వచ్చాక అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్లు అందరి చేతికీ వచ్చాయి. పాత వైర్‌లెస్‌లో లాగా గరగర ఉండదు, సిగ్నల్ ఉంటే శుభ్రంగా వస్తుంది, పోతే పూర్తిగా పోతుంది. ఇవి పని చేసే 2.4 గిగాహెర్ట్జ్‌ని మనిషి ఒళ్ళు అడ్డుకుంటుంది. కంపెనీలు చెప్పే దూరం ఎదురుగా అడ్డం లేనప్పటి మాట. హరికథ చెప్పేవాళ్ళు వెనక్కి తిరగ్గానే, జాతరలో వేల ఫోన్లు హాట్‌స్పాట్‌లు తెరిచిన చోట, మాట మధ్యలో తెగిపోతుంది. అందుకని ట్రాన్స్‌మిటర్లోనే రికార్డు అయ్యే మోడలు తప్ప కొనొద్దు. 2021లో వచ్చిన వైర్‌లెస్ గో 2లో అది ఉంది, 2023 నాటి వైర్‌లెస్ ప్రోలో 32 బిట్ ఫ్లోట్ కూడా ఉంది. గాలిలో తెగినది పెట్టెలో దొరుకుతుంది.

హరికథకి, జముకుల కథ చెప్పే ఆమెకి ఇది బాగా కుదురుతుంది, తప్పెటగుళ్ళకి అసలు కుదరదు. గడ్డానికి జానెడు కింద పెట్టండి. వైరుని చిన్న సున్నాలా చుట్టి మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ ప్లాస్టరుతో బట్టకి అంటించండి. పట్టుచీర కొంగు మైకుకి రాసుకుంటే వచ్చే సరసర తర్వాత పోదు, అందుకే పూలదండ వేయకముందే ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. తీగతో వచ్చే చవక లావలియర్లలో (కాలరు మైకుల్లో) బోయా బీవై-ఎం1 మన దగ్గర చాలామంది వాడతారు. దాని డబ్బీ మీద ఫోను, కెమెరా అని చిన్న స్విచ్ ఉంటుంది. కెమెరా వైపు ఉంచి మర్చిపోతే ఎల్ఆర్44 బ్యాటరీ అయిపోతుంది. "మైకు పాడైపోయింది" అనేవాళ్ళు ముందు ఆ స్విచ్, ఆ బ్యాటరీ చూసుకోండి.

జముకుకి ఒకే ఒక్క జాగ్రత్త. దాని గుమ్మనే నాదం కిందిస్థాయిలో ఉంటుంది, మైకు మీదో రికార్డరు మీదో లో-కట్ (కిందిస్థాయి శబ్దాన్ని కోసే మీట) 80 హెర్ట్జ్ కన్నా పైన పెట్టొద్దు. తోలు వైపు చప్పుడు వేరు, నోరు వైపు వేరు. చెవి పెట్టి రెండూ విని, నచ్చినవైపు మూర దూరంలో మైకు పెట్టండి.

ఇప్పుడు వీణ. మీ పక్కనే గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి చేసే బొబ్బిలి వీణని రికార్డు చేయడానికి మాత్రం తక్కువ రొద ఉన్న కండెన్సర్ నిజంగా అక్కరకొస్తుంది. వీణ మెత్తని వాద్యం. మూర దూరంలో 60 డీబీ అనుకుందాం. మీటు పడ్డాక గమకం చివర నాదం ఆరుతూ ఆరుతూ ఇంకో 25 డీబీ పడిపోతుంది, అంటే 35. ఫ్యాను తిరుగుతుంటే ఆ చివర ఫ్యాను కిందే పోయింది. ఫ్యాను ఆపితే గది చప్పుడు 30, ఇంకా కొంచెం వినిపిస్తుంది. నాసిరకం మిక్సరూ డైనమిక్ మైకూ అయితే వాటి 31 కూడా పక్కన చేరి ఆ చివరని ముంచుతుంది. 5 డీబీ మైకు అయితే గది తప్ప ఇంకేమీ అడ్డుండదు. క్యాప్సూలుని గుర్రానికీ చివరి మెట్లకీ మధ్య గురిపెట్టి, మూర నుంచి మూరన్నర ఎత్తున, వాయించేవారి ముఖానికి దూరంగా పెట్టండి. మెట్ల పైభాగానికి జరిపితే ఎడమచేతి వేళ్ళు తీగ మీద జారే కిర్రు ఎక్కువవుతుంది. గుర్రానికి మరీ దగ్గరైతే నాదం గట్టిపడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి కూర్చుంటే ఫ్యాను అక్కర్లేదు, వీధి కూడా నిద్రలో ఉంటుంది. కోళ్ళ సంగతి మాత్రం నా చేతుల్లో లేదు.

చవక కండెన్సర్లలో ఒక ఉచ్చు ఉంది. బీఎం-800 అని ఆన్‌లైన్లో పెద్ద డబ్బాలా కనిపించే మైకు లోపల చాలావరకు బొత్తామంత ఎలక్ట్రెట్ (శాశ్వత ఛార్జి ఉన్న చిన్న రకం) క్యాప్సూలే ఉంటుంది, మిగతాదంతా బొమ్మ. ఇంకో రకంలో యూ87 తరహా పెద్ద క్యాప్సూలు నిజంగానే ఉంటుంది. ఆ క్యాప్సూలుకి పైస్థాయిలో సహజంగా ఒక ఎగుడు ఉంది, అసలు మైకు సర్క్యూటు దాన్ని దించుతుంది. చాలా నకళ్ళలో ఆ దించే భాగం పెట్టరు. ఫలితంగా శ, ష, స చెవిలో గుచ్చుకుంటాయి, చిరతలు, గజ్జెలు గాజుముక్కల్లా వినిపిస్తాయి. కొనేముందు గజ్జెలు మోగించి వినిపించమనండి, మాట విని కొనొద్దు.

మన కోస్తా గాలికి కండెన్సర్ మైకు గురించి ఇంకో మాట. క్యాప్సూలు వెనక గిగా ఓం స్థాయి రెసిస్టర్లు ఉంటాయి. తేమ పేరుకుంటే కరెంటు అడ్డదారిన కారిపోయి చిటపట, టప్పుటప్పు మంటుంది. కళింగపట్నం, బారువ వైపు వెళ్తే ఉప్పు గాలి అదనం. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో వంద గ్రాముల రంగు మారే సిలికా జెల్ సంచితో దాచండి, రంగు మారినప్పుడు సన్నమంట మీద వేడిచేసి తిరిగి వాడొచ్చు. బియ్యంలో పెట్టొద్దు, తవుడు జాలీలోకి పోతుంది. ఏసీ కారులోంచి దింపిన మైకుని వెంటనే బయటికి తీస్తే చల్లని డయాఫ్రం మీద చెమ్మ పడుతుంది, డబ్బా మూత తీయకుండా అరగంట ఆగండి. మైకు చిటపటలాడితే విప్పి తుడవబోకండి, డయాఫ్రం మైక్రాన్ల మందమే ఉంటుంది, వేలు తగిలితే పోయినట్టే. ఒక రాత్రి సిలికా జెల్‌తో మూసిపెట్టి మళ్ళీ చూడండి, చాలాసార్లు దానికదే కోలుకుంటుంది.

మీ డబ్బుని ఇలా పంచుతాను. సగం, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు, ఫాంటమ్, 32 బిట్ ఫ్లోట్ ఉన్న రికార్డరుకి. జూమ్ హెచ్4 ఎసెన్షియల్‌కి ఇవన్నీ ఉన్నాయి, సొంత స్టీరియో మైకులూ ఉన్నాయి. మొదట్లో దళానికి వాటితోనే పని జరిపించొచ్చు. మిగిలినదాంట్లో ఒక తక్కువ రొద కండెన్సరు, ఒక గట్టి స్టాండు, రెండు మంచి కేబుళ్ళు, బయట గాలికి బొచ్చు కవరు. మైకుతో వచ్చే స్పాంజి నోటి గాలికే ఆగుతుంది, పొలంగట్టు గాలికి ఆగదు. పాత డైనమిక్ మీ దగ్గర ఉండనే ఉంది. వైర్‌లెస్ తర్వాత చూసుకోవచ్చు.

స్టీరియో 32 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో గంటకి సుమారు 1.4 జీబీ అవుతుంది, 32 జీబీ కార్డు రాత్రంతా జరిగే కథకి చాలు. రికార్డరుని పవర్ బ్యాంకు మీద నడపండి. చార్జరు నుంచి, జనరేటరు నుంచి కరెంటు తీసుకుంటే గుయ్‌మనే చప్పుడు లోపలికి దూరుతుంది. రొద తీసే కొత్త ఏఐ సాఫ్ట్‌వేర్లు మాటకి బాగానే ఉంటాయి గాని ఎక్కువ భాగం మాట మీద నేర్పినవే, జముకునీ గజ్జెలనీ తినేసి గొంతుని నీళ్ళలోంచి వచ్చినట్టు చేస్తాయి. వాడితే కాపీ మీద వాడండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు. ప్రతి రికార్డింగు మొదట్లో ఎవరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గది చప్పుడు తీసుకోండి. సాఫ్ట్‌వేరుకి దేన్ని తీసేయాలో చూపించడానికి అది కావాలి.

జాతరలో మైకుసెట్టు వాళ్ళ మిక్సరు నుంచి లైను తీసుకోవాల్సి వస్తే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న డీఐ బాక్సు (లైను సిగ్నల్ని మైకు ఇన్‌పుట్‌కి సరిపెట్టే డబ్బా) పెట్టండి, లేకపోతే రెండు ఎర్తుల మధ్య హమ్ వస్తుంది. ఆ ఛానెల్‌కి ఫాంటమ్ ఆపేయడం మర్చిపోకండి. ఒకే బటన్‌తో రెండు ఇన్‌పుట్లకీ ఫాంటమ్ ఇచ్చే రికార్డరు అయితే కండెన్సరు మైకుకి వేరే ఫాంటమ్ డబ్బా పెట్టుకుని, రికార్డరుది పూర్తిగా ఆపేయండి.